చీనీ వేరుకు డీఎన్ఏ పరీక్ష: నాలుగు స్టార్లు ఇచ్చాను, ఒకటి కోశాను

ముందే ఒకటి ఒప్పుకుంటా. ఈ ల్యాబు గడప తొక్కడానికి కారణం నా అంగడిలో నేనే అమ్మిన మందు. నార్పలలో నాకు ఎరువులు, పురుగుమందుల అంగడి ఉంది, పద్దెనిమిదేళ్లుగా. రైతు కౌంటర్ మీద ఆకు పెడతాడు. తిప్పి చూస్తాను, కాడ విరిచి చూస్తాను, వెనక అరలోంచి ఒక డబ్బా తీసిస్తాను. చాలాసార్లు గురి తప్పదు. తప్పిన రోజు ఆ రైతు ఇంకెవరైనా అయ్యుంటే ఏదో సర్దుకునేవాణ్ణి. నా బావమరిది అయ్యాడు.

ల్యాబు పేరు రాయను. పొగిడితే కమీషన్ ముట్టిందంటారు, తిడితే పడదంటారు. అనంతపురంలో మొక్కల తెగుళ్లకు కల్చర్ (రోగకారకాన్ని ప్లేటులో పెంచి చూడటం), మైక్రోస్కోప్, డీఎన్ఏ మూడూ చేస్తామని బోర్డు పెట్టిన ఒక ప్రైవేటు ల్యాబు. అంతవరకు చాలు.

మా బావమరిదిది నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట, ఎనిమిదేళ్ల వయసు, నాలుగు వందల పైచిలుకు చెట్లు. సాత్‌గుడి రకం, జంబేరి అనే నిమ్మజాతి వేరు మీద కట్టిన అంట్లు. రెండేళ్ల కిందట ఒక పక్క నుంచి చెట్లు పోవడం మొదలైంది. కొన్నింటికి మొదలు దగ్గర బెరడు చిట్లి బంక కారేది, ఆకుల ఈనెలు పసుపెక్కేవి. ఇంకొన్నింటికి బంక లేదు, ఏమీ లేదు. నిన్నటిదాకా పచ్చగా ఉన్న చెట్టు రెండు మూడు వారాల్లో కాయలు కాయలుగానే ఎండిపోయేది. నేను రెండింటికీ ఒకే పేరు పెట్టాను: వేరుకుళ్లు. రెండింటికీ ఒకే మందు ఇచ్చాను: కార్బెండజిమ్. మూడుసార్లు పాదుల్లో పోయించాను. మధ్యలో ఒకసారి ట్రైకోడెర్మా (రోగం తెచ్చే ఫంగస్‌ను అణిచే మంచి ఫంగస్) కూడా వేపపిండిలో కలిపి వేయించాను, అది కూడా నా అంగడిదే.

మా చిన్నాన్న కూతురి పెళ్లిలో, భోజనాల బంతిలో, నలుగురి ముందర అన్నాడు: "బావా, నీ మందు పోసినాక చెట్లు ఇంకా తొందరగా ఎండిపోతాండాయి." అందరూ నవ్వారు. మా ఇంటావిడ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. అది ఆమె తమ్ముడి తోట.

అట్లా మే నెలలో మొదటిసారి ల్యాబుకు పోయాను. ఇప్పుడు కోసిన స్టారులో సగం ఆ రోజుదే. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు నా మాట పూర్తిగా వినకుండానే ఒక కాగితం ముందుకు తోశాడు. "డీఎన్ఏ ప్యాకేజీ తీసుకోండి సార్. మైక్రోస్కోప్ అంతా పాత పద్ధతి. డీఎన్ఏ అంటే గ్యారంటీ." మూడు వేల ఐదు వందలు. నేను కూడా కౌంటర్ వెనక నిలబడే మనిషినే కదా, ఆ గొంతు నాకు తెలుసు. అయినా కట్టాను. గ్యారంటీ అన్న మాటకు ఎవరైనా పడతారు.

మిగిలిన సగం తప్పు నాది. నేను తీసుకుపోయిన నమూనా ఏమిటంటే, పూర్తిగా చచ్చిపోయిన చెట్టును పెరికి, బొగ్గులా నల్లబడిన వేరును ప్లాస్టిక్ కవర్లో వేసి, గట్టిగా ముడేసి, బండి డిక్కీలో పెట్టి మధ్యాహ్నం పూట తెచ్చిన సరుకు. అనంతపురం మే ఎండ గురించి వేరే చెప్పాలా. కవరు విప్పితే జిగురు, వాసన. కుర్రాడు ముక్కు మూసుకుని తీసుకున్నాడు గానీ, ఇది పనికిరాదు అనలేదు.

పది రోజులన్నారు. ఇరవై నాలుగు రోజులకు వచ్చింది రిపోర్టు. నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషు, మధ్యలో నల్లటి పలక మీద తెల్ల గీతల ఫోటో ఒకటి. మా అబ్బాయి చేత చదివించుకున్నాను. చివర్లో ఫంగస్ పేరు: ట్రైకోడెర్మా.

ఒక్కసారి ఆలోచించండి. నా అంగడిలో కిలో ప్యాకెట్లలో, 'వేరుకుళ్లు నివారణకు' అని బొమ్మతో సహా అమ్మే ట్రైకోడెర్మా. రోగానికి మందు అని నేను వేసినదే రోగం అని రిపోర్టు వచ్చింది. ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను. కౌంటర్ కుర్రాడు ఫోన్ లోపలికి ఇచ్చాడు. అక్కడి నుంచి కథ మారింది, స్టార్లు కూడా అక్కడి నుంచే పడ్డాయి.

లోపల కల్చర్లు చూసే మేడం ఒకామె ఉన్నారు. ముప్పై దాటి ఉండవు. నా అరుపులన్నీ విని, "అన్నా, రిపోర్టు తప్పు కాదు. మీరు తెచ్చిన వేర్లో ఉన్నది అదే. చంపింది ఎవరని మీరు అడగాలనుకున్నారు, మిషన్‌కు మాత్రం ఇందులో ఎవరున్నారని ప్రశ్న పోయింది" అన్నారు. చచ్చిన వేరు మీదికి నేలలో ఉండేవన్నీ తినడానికి వస్తాయట. మేం చల్లిన ట్రైకోడెర్మా కూడా వచ్చి కూర్చుంది. అసలు దోషి అప్పటికే జారుకున్నాడో, గుంపులో కలిసిపోయాడో. కాబట్టి వేరు సగం బతికి సగం చచ్చి ఉండాలి. ఆ రెండింటి సరిహద్దు దగ్గర ముక్క కావాలి. కాగితంలో చుట్టాలి, ప్లాస్టిక్ వద్దు. మొదలు దగ్గరి మట్టి కూడా కావాలి. బంక కారే చెట్టుది వేరుగా, కారని చెట్టుది వేరుగా, ఏది ఏదో రాసి మరీ.

ఈ నాలుగు ముక్కలు కౌంటర్‌లో ఒక కాగితం మీద తెలుగులో అంటిస్తే నాలాంటివాళ్ల మూడు వేల ఐదు వందలు మిగిలేవి. నేను పోయిన మూడుసార్లూ ఆ కాగితం కనబడలేదు.

జూన్‌లో రెండోసారి. ఈసారి తెల్లవారుజామున మా బావమరిది, నేను కలిసి తవ్వాం. ఏడున్నర బస్సుకు వేర్లు న్యూస్‌పేపర్లో చుట్టుకుని బయలుదేరాం. మేడం రెండు పొట్లాలు విప్పి ముందు కంటితోనే చూశారు. బంక చెట్టు వేరు తొక్క వేలితో లాగితే గొట్టంలా ఊడి వచ్చింది, లోపల దారంలాంటి పుల్ల మిగిలింది. రెండో చెట్టు వేరు అట్లా కాదు. గట్టిగా, పొడిగా ఉంది. కత్తితో చీలిస్తే లోపలి కట్టె బూడిద, ఊదా కలిసిన రంగు. "ఇవి రెండు వేరు వేరు జబ్బులు అయ్యే అవకాశం ఎక్కువ అన్నా" అని అప్పుడే అన్నారు. పద్దెనిమిదేళ్లలో నేను ఒక్కసారి కూడా వేరు తొక్క లాగి చూడలేదు.

బంక చెట్టు మట్టిని ఒక డబ్బాలో నీళ్లు పోసి కలిపి, దాని మీద లేత చీనీ ఆకు ముక్కలు తేలేశారు. ఎర అట. చేపకు వానపాము లాగా. మూడు రోజుల తర్వాత పోతే ఆ ఆకు ముక్కల అంచులు గోధుమరంగుకు తిరిగాయి. ఒక ముక్కను నీళ్లతో పాటు ప్లేటులో పెట్టి, ఓ ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి బయటికి తీశారు. టీ తాగి రమ్మన్నారు. వచ్చాక మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టమన్నారు.

ఆకు అంచు నుంచి సన్నటి దారాలు, ఆ దారాల చివర నిమ్మకాయలు. నిజంగా నిమ్మకాయల ఆకారమే, చివర చిన్న ముక్కుతో సహా. చూస్తుండగానే ఒక నిమ్మకాయ లోపల ఏదో కదిలింది. బియ్యం గింజలంత కూడా కాదు, చుక్కలు, ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ముక్కు తెరుచుకుంది. సినిమా వదిలాక హాలు తలుపులోంచి జనం వచ్చినట్టు ఆ చుక్కలు బయటపడి ఈదుకుంటూ పోయాయి. ఖాళీ నిమ్మకాయ గాజుబుడ్డిలా మిగిలింది. మా బావమరిదిని చూడమన్నాను. చాలాసేపు కన్ను తీయలేదు. "బావా, నేను పాదు నుంచి పాదుకు నీళ్లు వదుల్తాండానే" అన్నాడు, అంతే.

అది ఫైటోఫ్తోరా. తోక ఉన్న స్పోర్లతో (విత్తనాల్లాంటి కణాలతో) నీళ్లలో ఈదే జీవి. ఇక్కడే నా మందు సంగతి తేలింది. మేడం చెప్పినదాన్ని నా మాటల్లో రాస్తున్నా. దీన్ని మనం ఫంగస్ అంటాం, చూడ్డానికి దారాలు దారాలుగా అట్లాగే ఉంటుంది గానీ, వంశం వేరు. సముద్రంలో పెరిగే గోధుమరంగు నాచుకు ఇది దగ్గరి చుట్టం. నిజమైన ఫంగస్ గోడలో కైటిన్ ఉంటుంది, రొయ్య పెంకులో ఉండేదే. దీని గోడలో సెల్యులోజ్ ఉంటుంది. ఫంగస్ దారంలో గదులు గదులుగా అడ్డుగోడలుంటాయి, దీని దారం చాలావరకు అడ్డుగోడలు లేని పైపు. కార్బెండజిమ్ ఫంగస్ కణం విడిపోయే దగ్గర దెబ్బ కొడుతుంది. ఆ దెబ్బ దీనికి తగలదు. దీనికి మెటలాక్సిల్, ఫోసెటిల్ లాంటివి కావాలి. తమాషా ఏమిటంటే మెటలాక్సిల్ మళ్లీ నిజమైన ఫంగస్ మీద పనిచేయదు. ఈ రెండు డబ్బాలూ నా అంగడిలో ఒకే అరలో, పక్కపక్కన, ఒకే 'శిలీంధ్రనాశిని' అన్న మాటతో కూర్చుని ఉన్నాయి. ఇన్నేళ్లు.

జంబేరి వేరు దీనికి సులభంగా లొంగుతుందనీ, రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంటైతే కొంత తట్టుకునేదనీ కూడా చెప్పారు. ఎనిమిదేళ్ల తోటకు ఇప్పుడు ఆ మాట చెప్పి ఏం లాభం గానీ, కొత్తగా పెట్టేవాళ్ల కోసం రాస్తున్నా.

రెండో చెట్టు వేరు ముక్కల్ని బంగాళాదుంప రసంతో చేసిన జెల్లీ మీద పెట్టారు. వారానికి తెల్లటి, మీగడ రంగు బూజు లేచింది. దాని స్పోర్లు కొడవళ్లు. లావుగా, కొద్దిగా వంగి, మధ్యలో అడ్డగీతలతో. వాటి పక్కన పొడవాటి కాడల చివర చిన్న స్పోర్లు ముద్దగా అంటుకుని. ఫ్యుసేరియం సొలాని అనే ఫంగస్ గుంపు అని అక్కడే చెప్పేశారు. అయితే ఒక మెలిక పెట్టారు: ఫ్యుసేరియం మన నేలల్లో అంతటా ఉంటుంది, బలంగా ఉన్న వేరును సాధారణంగా ఏమీ చేయదు, నీళ్లు నిలిచో, ఫైటోఫ్తోరా కొరికో, వేరు నీరసించాక లోపలికి దూరుతుంది. అందుకని కనబడినంత మాత్రాన నేరమంతా దీని మీద వేయలేమన్నారు. ఇది నచ్చింది నాకు. తెలిసిన చోట తెలిసిందనీ, తేలని చోట తేలలేదనీ చెప్పారు.

ఇక డీఎన్ఏ. ఇంతా కళ్లతో చూశాక అదెందుకని అడిగాను. నిమ్మకాయ ఆకారం చూస్తే ఫైటోఫ్తోరా అని తెలుస్తుంది గానీ అందులో ఏది అన్నది చూపుతో తేల్చడం కష్టమట. చీనీని పట్టేవాటిలో ముఖ్యమైనవి నికోషియానే, పాల్మివోరా. పాల్మివోరా నిమ్మకాయలు చిన్న తొడిమతో సహా తెగి నీళ్లలో రాలతాయి, నికోషియానేవి రాలవు. మావి రాలలేదు. కాబట్టి నికోషియానే అని చూపు చెప్పింది. డీఎన్ఏ కూడా అదే చెబితే ఇక సందేహం ఉండదు. అదే చెప్పింది.

పరీక్ష విధానం నాకు అర్థమైనంత వరకు: ఈసారి కుళ్లిన వేరు నుంచి కాకుండా, జెల్లీ మీద ఒంటరిగా పెంచిన బూజు నుంచి డీఎన్ఏ తీస్తారు. అందులో ఐటీఎస్ అనే ఒక చిన్న భాగాన్ని పీసీఆర్ మిషన్‌లో లక్షల కాపీలు చేస్తారు. దాన్ని అక్షరం అక్షరం చదవడానికి బెంగళూరు పంపుతారు. వచ్చిన అక్షరాల్ని జెన్‌బ్యాంక్ అనే ఉచిత భాండాగారంలో ఉన్నవాటితో పోల్చి చూస్తారు. ఫంగస్‌లన్నింటికీ గుర్తింపు భాగంగా ఐటీఎస్‌నే వాడదామని శాస్త్రవేత్తలు 2012లో అధికారికంగా ప్రతిపాదించారు. అయితే జెన్‌బ్యాంక్‌లో తప్పు పేరుతో ఎక్కించినవి కూడా ఉన్నాయట. అందుకని తొంభై తొమ్మిది శాతం కలిసింది అని కంప్యూటర్ చెప్పినా, ఎవరితో కలిసిందో, వాళ్లు ఆ పేరు ఎట్లా పెట్టారో చూడాలి. కౌంటర్ కుర్రాడు చెప్పిన గ్యారంటీ ఇది.

ఫైటోఫ్తోరాకు ఐటీఎస్ సరిపోయింది. ఫ్యుసేరియం దగ్గర సరిపోలేదు. మేడం ఉపమానం బాగుంది: "ఐటీఎస్ ఇంటిపేరు చెబుతుంది అన్నా. మీ ఊర్లో ఒకే ఇంటిపేరు వాళ్లు ఎన్ని ఇండ్లున్నాయి?" మా వీధిలోనే పదకొండు. అసలు పేరు కావాలంటే టెఫ్-1 అనే ఇంకో జీన్ చదవాలి. దానికి పద్దెనిమిది వందలు అదనం. ఈ అదనం సంగతి ముందే చెప్పలేదు, రిపోర్టు సగం తయారయ్యాక ఫోన్ చేసి చెప్పారు. కోసిన స్టారులో మిగతా సగం ఇదే. కట్టాను, ఎందుకంటే అప్పటికి నాకే పిచ్చి పట్టింది. వచ్చింది పేరు. సొలాని గుంపులోనే ఒక జాతి. దాని వల్ల నేను తోటలో పోసిన మందు ఒక్క గ్రాము కూడా మారలేదు. పరిశోధన చేసేవాళ్లకు అది ముఖ్యం కావచ్చు. రైతు మాత్రం టెఫ్-1 దగ్గర ఆగి, వద్దని చెప్పి, ఆ డబ్బుతో వేపపిండి కొనుక్కోవచ్చు.

పేర్ల గొడవ ఇంకొకటి. నా అంగడిలో గోడకున్న పాత పోస్టర్‌లో చీనీ బంక తెగులుకు కారణం ఫైటోఫ్తోరా పారాసైటికా అని ఉంది. రిపోర్టులో నికోషియానే. రెండు రోగాలు తగిలాయేమో అని టెన్షన్ పడ్డాను. రెండూ ఒకటేనట, పాత పేరు, కొత్త పేరు. ఫ్యుసేరియంకైతే ఇంకా ఘోరం. ఒకే ఫంగస్‌కు ఆడ మగ కలిసిన దశలో ఒక పేరు, కలవని దశలో ఒక పేరు ఉండేవి. 2011లో మెల్‌బోర్న్‌లో జరిగిన సభలో ఒక ఫంగస్‌కు ఒకటే పేరు అని తీర్మానించి 2013 నుంచి అమలు చేశారు. అయినా కొందరు సొలాని గుంపును ఇప్పుడు నియోకాస్మోస్పోరా అంటున్నారు, కొందరు ససేమిరా ఫ్యుసేరియమే అంటున్నారు. రిపోర్టులో రెండు పేర్లూ రాశారు. పక్కన తెలుగులో ఒక వాక్యం, 'రెండూ ఒకటే, కంగారు పడకండి' అని రాసి ఉంటే ఎంత బాగుండేది.

లెక్క: మొదటిసారి 3,500. రెండోసారి రెండు నమూనాల కల్చర్, మైక్రోస్కోప్ కలిపి 1,600. ఐటీఎస్ రెండింటికి కాకుండా ఒకదానికే 3,500 తీసుకున్నారు, మొదటి డబ్బు వృథా అయిందని మేడం చెప్పి తగ్గించారు. టెఫ్-1 కు 1,800. మొత్తం 10,400. ఎక్కువే. కానీ మూడుసార్లు పోసిన కార్బెండజిమ్, కూలీలు కలిపి మా బావమరిది పెట్టింది ఇంతకంటే ఎక్కువ. ఆ మందులో నా లాభం ఎంతో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

తోటలో ఏం చేశామంటే, బంక చెట్లకు బెరడు గీకి బోర్డో పేస్టు పూసి, పాదుల్లో మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు పోశాం. బోర్డో అనేది 1885లో ఫ్రాన్స్‌లో ద్రాక్ష తోటల కోసం పుట్టిన మందు. అప్పుడు ద్రాక్షకు పట్టింది కూడా ఈ ఈదే జాతి చుట్టమే. పాదును రెండు రింగులుగా మార్చి, నీళ్లు మొదలుకు తగలకుండా బయటి రింగులోనే నిలిచేట్టు చేశాం. పాదు నుంచి పాదుకు నీళ్లు పారించడం మానేశాడు. బంక లేకుండా ఎండే (ఎండు వేరుకుళ్లు) చెట్లకు మొదళ్లు తవ్వి, చచ్చిన వేర్లు తీసేసి, నీళ్లు తగ్గించాం. ఏడాది దాటింది. బంక చెట్లలో చాలావరకు కొత్త చిగురు వేశాయి. ఎండు కుళ్లు పట్టినవాటిలో తొమ్మిది పోయాయి, మిగతావి నిలబడ్డాయి, వచ్చే ఎండాకాలం దాటితే గానీ చెప్పలేను.

ప్రతి జబ్బుకూ అక్కడికి పరుగెత్తొద్దు. శనక్కాయ తిక్క తెగులుకు (ఆకుమచ్చకు) ఎవరైనా డీఎన్ఏ అంటే డబ్బు దండగ. మచ్చ చుట్టూ పసుపు వలయం ఉండి, బూజు ఆకు పైన ఉంటే ముందు వచ్చే రకం. మచ్చ నల్లగా ఉండి, ఆకు అడుగున గరుకుగా తగిలితే తర్వాత వచ్చే రకం. రెండు వందలు పెట్టి ఒక పది రెట్ల భూతద్దం కొనుక్కోండి, నా అంగడిలో కూడా ఉంది. వేరు లోపల, కాండం లోపల జరిగేవాటికి, ఒకే తోటలో రెండు రకాలుగా చెట్లు చస్తున్నప్పటికి మాత్రం పోండి.

ఇప్పుడు వేరుకుళ్లు అని ఎవరొచ్చినా ముందు వేరు తెమ్మంటున్నాను. మొన్న పుట్లూరు నుంచి ఒక పెద్దాయన వచ్చి, "మందు ఇయ్యప్పా అంటే వేరు తెమ్మంటావేమి, నువ్వేమన్నా డాక్టరా" అని విసుక్కుని పక్క అంగడికి పోయాడు. బేరం పోయింది.

పోయేవాళ్లకు చివరగా: కౌంటర్‌లో ప్యాకేజీ అంటే వద్దని, కల్చర్ చూసే మేడంతో మాట్లాడాలని అడగండి. ముందు కల్చర్, మైక్రోస్కోప్ మాత్రమే చేయించి, ఆమె కావాలంటేనే ఐటీఎస్‌కు పోండి. అదనపు ఖర్చులు ముందే కాగితం మీద రాయించుకోండి. ఆదివారం సెలవు, శనివారం ఇచ్చిన నమూనా సోమవారం దాకా మూలన పడి ఉంటుంది, కాబట్టి వారం మొదట్లోనే ఇవ్వండి. మనిషి పోలేకపోతే బస్సు కండక్టర్ చేతికిచ్చినా సరే, ఫోన్ చేసి బస్సు నంబరు చెబితే బస్టాండుకు వచ్చి తీసుకుంటారు. పొట్లం మీద చెట్టు నంబరు పెన్సిల్‌తో రాయండి, పెన్ను తడికి అలికిపోతుంది.